గొట్టాల కోడి

మా అత్తగారు పోయారు. పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం కడుపునిండా భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, కాసేపు నడుం వాలుస్తానని మంచమెక్కారు. సాయంత్రం టీ పెట్టి లేపబోతే లేవలేదు. డాక్టరు వచ్చి చూసి, నిద్రలోనే గుండె ఆగిపోయిందనీ, ఆ సంగతి ఆవిడకి తెలిసి కూడా ఉండదనీ చెప్పాడు.

అప్పట్నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. మనవాళ్ళ పరామర్శలో రెండు ప్రశ్నలు తప్పవు. బాగా బాధపడ్డారా అన్నది ఒకటి. చివర్లో నోట్లోకి ఏమన్నా పోయిందా అన్నది ఇంకొకటి. ఆవిడకి నోటి జబ్బు చేసిన సంగతి చుట్టాలందరికీ తెలుసు కాబట్టి ఈ రెండోది అడిగేటప్పుడు గొంతు ఇంకాస్త తగ్గిస్తారు. బాధపడలేదండీ, ఆ పూట మారు అడిగి పెట్టించుకుని మరీ తిన్నారు అంటాను. ఏం తిన్నారమ్మా అంటారు. గొట్టాల కోడి అంటాను. మళ్ళీ ఒకసారి చెప్పమంటారు. దుఃఖంలో ఏదో అంటోంది పాపం అనుకుంటారు కాబోలు.

మీరు కూడా అలా అనుకోకూడదనే ఇది రాస్తున్నాను. నాకు ఏడుపు రాలేదని కాదు, వచ్చింది. కానీ ఏడుపు కంటే ముందు ఒక నిశ్చింత వచ్చి కూర్చుంది. ఆవిడ ఆకలితో పోలేదు. ఒకప్పుడు ఆకలితోనే పోతారని మేమంతా హడలిపోయాం. ఆ భయం ఎంతటిదో చెబితే గానీ ఈ నిశ్చింత ఎంతటిదో మీకు అర్థం కాదు.

మా అత్తగారిది చిలకలూరిపేటకి దక్షిణాన, ప్రకాశం జిల్లా పొలిమేర దగ్గరున్న ఒక పల్లె. పత్తి, మిరప తప్ప మూడో పంట ఎరగని నల్లరేగడి. మావగారు పోయాక పొలం కౌలుకిచ్చి పేటలో మా ఇంటికి వచ్చేశారు. మా ఇల్లు హైవేకి ఇవతల, పత్తి మిల్లు వెనక వీధిలో ఉంటుంది. సీజన్లో లారీలు దిగుతుంటే పత్తి పింజలు ఎగిరొచ్చి మా కిటికీ ఊచలకి పట్టుకుంటాయి. ఆవిడ వాటిని ఓపిగ్గా ఏరి, గింజా నలకా తీసి, దీపానికి వత్తులు చేసేవారు. ఊళ్ళో ఉన్నప్పుడూ వత్తులకి పత్తి కొనలేదు, ఇక్కడ మిల్లువాళ్ళు గాలిలో పంపిస్తున్నారు, ఇంకేం కావాలి అని నవ్వేవారు.

ఇక కారం విషయానికొస్తే ఆవిడ ముందు ఎవరూ నోరెత్తేవారు కాదు. ఏటా కల్లాల్లో మిరపకాయలు ఆరే రోజుల్లో తనే వెళ్ళి, కాయ విరిచి, వాసన చూసి, గింజ నాలిక్కి రాసుకుని మరీ బస్తా ఎంచుకునేవారు. మేడ మీద ఆరబోసి, తొడిమలు తీసి, మరకి పంపి, కారం డబ్బాల్లోకి ఎక్కేదాకా ఇంట్లో ఎవరికీ వేరే పని ఉండకూడదు. వీధంతా తుమ్మేది. తుమ్మినవాళ్ళని చూసి ఆవిడ మురిసిపోయేవారు. "తిన్నవాడు చెంబెడు నీళ్ళు అడగలేదంటే ఆ కూర వండనట్టే అమ్మాయ్" అనేవారు.

నేను సున్నపురాళ్ళ దాచేపల్లి వైపు దాన్ని. మా నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేశాడు. మా ఇంట్లో కారం బాగా తక్కువ. పెళ్ళయిన కొత్తలో ఊరెళ్ళినప్పుడు ఆవిడ చేసిన కోడికూర తిని నాకు కళ్ళ వెంట ధారలు కట్టాయి. పుట్టింటి మీద బెంగ పెట్టుకున్నానని ఇరుగుపొరుగు ఓదార్చడానికి వచ్చారు. అత్తగారు మాత్రం అసలు సంగతి కనిపెట్టేశారు. మీ ఊళ్ళో కూరల్లో కూడా సున్నమే వేస్తారా ఏంది అని అడిగారు. ఆ రోజు నుంచీ చుట్టాల్లో నా పేరు సున్నం ఊరి పిల్ల. అయితే ఒక్కటి చెప్పాలి. అంతమందిలో అంత వేళాకోళం చేసి కూడా, వడ్డించేటప్పుడు నా విస్తట్లో అన్నం మీద మాత్రం ఎవరికీ చెప్పకుండా ఒక గరిటె నెయ్యి ఎక్కువ పోసేవారు. అది ఎప్పుడూ మానలేదు.

గొట్టాల సంగతి ఎలా మొదలైందో చెబుతాను. మా అమ్మాయి అప్పుడు ఆరో తరగతి. స్నేహితురాలి ఇంట్లో పాస్తా తిని వచ్చి, మన ఇంట్లో కూడా చెయ్యమని నా ప్రాణం తీసింది. వీధి చివర కిరాణా కొట్టాయనకి చెప్పి ఒక ప్యాకెట్ తెప్పించాను. వేలి లావున, పైన గీతలతో ఉండే పెద్ద గొట్టాలు. నేను మిల్లు ఆఫీసులో పని చేస్తాను. నేను ఇంటికొచ్చేలోపు, బడి నుంచి వచ్చే మనవరాలికి వేడిగా పెడదామని మా అత్తగారు మూకుడు పెట్టి, నూనె కాచి, ప్యాకెట్ మొత్తం అందులో కుమ్మరించారు.

మన ఇళ్ళల్లో గొట్టాలంటే ఒకటే కదా. నూనెలో పడగానే పొంగి, పిల్లలు పదివేళ్ళకీ తొడుక్కుని ఒక్కొక్కటే కొరుక్కుతినే పసుపుపచ్చ గొట్టాలు. ఇవి పొంగలేదు. ముందు ఎర్రబడ్డాయి, తర్వాత రాళ్ళయ్యాయి. సాయంత్రం టీకి ఇంటికొచ్చిన మా ఆయన ఒకటి కొరికితే పన్ను అంచు ఊడి చేతిలోకొచ్చింది.

ఆవిడకి తన మీద అనుమానం రాలేదు. కొట్టాయన పాత సరుకు అంటగట్టాడని తేల్చేసి, వేయించిన గొట్టాలు కవర్లో పోసుకుని కొట్టు మీదకి వెళ్ళారు. కొట్టాయన అయిదు పూటలా నమాజు చేసే నెమ్మదైన మనిషి, సరుకు బాగాలేదన్న మాట పడలేడు. ఒక గొట్టం నోట్లో వేసుకుని, కొరకలేక బయటికి తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, నిజమేనండీ మామ్మగారూ, ఇందులో ఏదో తేడా ఉంది అని ఒప్పేసుకుని ఇంకో ప్యాకెట్ చేతిలో పెట్టాడు. ఆయన కూడా అప్పటిదాకా వాటిని తెప్పించడమే గానీ వండుకున్నది లేదు. ఆవిడ విజయం సాధించినట్టు తిరిగొచ్చి మళ్ళీ నూనె కాచారు. రెండో ప్యాకెట్ కత్తిరించబోతుండగా నేను ఆఫీసు నుంచి వచ్చాను.

ఇవి ఉడకబెట్టుకునేవి అత్తయ్యా అని చెబితే నమ్మలేదు. ఉడకబెట్టేదాన్ని గొట్టంలాగా చెయ్యడం దేనికి, లోపల నీళ్ళు చేరవా అని అడిగారు. వాటికి మొండి గొట్టాలని పేరు పెట్టి, ఆ ప్యాకెట్‌ని అలమారాలో పై అరలో వెనక్కి నెట్టేశారు. మా అమ్మాయి నాలుగు రోజులు అలిగి మర్చిపోయింది. ప్యాకెట్ అక్కడే ఉండిపోయింది.

మరుసటి ఏడు ఎండలు ముదరకముందే ఆవిడ నోట్లో పుండు లేచింది. కారం పుండేలే అని ఆవిడ, వేడి చేసిందని మేము, కొన్నాళ్ళు ఊరుకున్నాం. తగ్గకపోతే గుంటూరు తీసుకెళ్ళి చూపించాం. ఆపరేషన్ చేశారు. తర్వాత వారాల తరబడి కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. ఎండలో బస్సెక్కి వెళ్ళడం, వాడిపోయి రావడం. ఒక్క రోజు కూడా నేను రానని అనలేదావిడ. జబ్బు పోయింది. కానీ నోరు మొత్తం పచ్చి పుండై కూర్చుంది. మంచినీళ్ళు కూడా మండేవి. నోరు మానేదాకా కారం అన్న మాట తలుచుకోవద్దన్నారు.

ఆవిడకి కారం లేకుండా కూరలు విడిగా వండటం మొదలుపెట్టాను. వంకాయ, సొరకాయ, చికెన్, ఏది వండినా పాలిపోయి ఉండేది. ఆవిడ కంచంలోకి చూసి, ముద్ద కలిపి, పక్కన పెట్టేసేవారు. "ఇది కూర కాదమ్మాయ్, కూర తాలూకు శవం" అన్నారు ఒకరోజు. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. మేం ఎర్రగా తింటుంటే ఆవిడ తెల్లగా తినడం బాగాలేదని, మా ఆయన ఇంట్లో అందరికీ కారం బంద్ చేయించాడు. అది ఇంకా పొరపాటైంది. మా కంచాలు కూడా పాలిపోయేసరికి ఆవిడ లేచి వెళ్ళిపోయారు. నాకోసం మీరందరూ నోళ్ళు కట్టుకుని కూర్చుంటే నాకు ముద్ద దిగిద్దా అని గదిలోంచి అన్నారు.

ఆ తర్వాత ఏం పెట్టినా వద్దనే. పాలల్లో ముంచిన బ్రెడ్డు, మజ్జిగ, అదీ మేం బతిమాలితే. వేళ్ళు పుల్లలయ్యాయి. బంగారు గాజులు మోచేతి దాకా జారేవి. పొద్దస్తమానం గోడ వైపు తిరిగి పడుకునేవారు. చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టరు నన్ను పక్కకి పిలిచి, జబ్బుని మేం తీసేశామమ్మా, ఇక మనిషిని మీరు నిలబెట్టుకోవాలి, ఇలాగే తినకపోతే ఇంత చేసీ ఉపయోగం లేదు అన్నాడు. ఆ మాట బస్సులో ఇంటిదాకా నా పక్క సీట్లో కూర్చుని వచ్చింది.

శ్రావణంలో ఒక ఆదివారం. పొద్దుట్నుంచి ముసురుపట్టి సాయంత్రానికి తెరిపిచ్చింది. మా అమ్మాయి అలమారా సర్దుతూ ఆ పాత ప్యాకెట్ బయటికి తీసింది. ఫోన్లో ఏదో వీడియో చూపించి, ఇలా చెయ్యమ్మా అంది. కోడి ముక్కలు, పాస్తా, పాలతో చేసిన చిక్కటి గుజ్జు, పైన చీజ్, అంతా కలిపి ఓవెన్లో పెట్టి కాల్చడం. ఇంట్లో అందరి మొహాలూ వేలాడుతున్నాయి. పోనీ పిల్లయినా నాలుగు ముద్దలు ఇష్టంగా తింటుందని ఒప్పుకున్నాను. అత్తగారిని మనసులో పెట్టుకుని మొదలుపెట్టింది కాదు అది.

కోడిని మెత్తగా ఉడికించి పీచులుగా తీశాను. గొట్టాలు విడిగా ఉప్పునీళ్ళలో ఉడికించాను. మూకుట్లో వెన్న కరిగించి, ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు మగ్గించి, మైదా వేసి కమ్మగా వేయిస్తున్నాను. గదిలోంచి గొంతు వినపడింది.

"ఏందమ్మాయ్ ఆ వాసన? మైదా వేయిస్తన్నావా? పాలు ఒక్కసారే పొయ్యమాక, ఉండలు కడతది."

ఆవిడ తనంతట తను మాట్లాడి చాలా రోజులైంది. నేను గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. తర్వాత ఆవిడ చెప్పినట్టే పాలు కొంచెం కొంచెంగా పోశాను. ఉండలు కట్టలేదు. కోడి ఉడికిన నీళ్ళు కూడా కాసిని పోసి, గొట్టాలూ కోడీ అందులో కలిపి, కేకు గిన్నెలోకి సర్ది, పైన చీజ్ తురిమాను.

మా ఇంట్లో ఓవెన్ లేదు. కేకులు చేసినట్టే పాత కుక్కర్లో అడుగున ఇసుక పోసి, విజిలూ రబ్బరూ తీసేసి, అందులో గిన్నె దించాను. చాలాసేపు ఆగి మూత తీస్తే పైన చీజ్ కరిగింది గానీ రంగు రాలేదు. మూత నుంచి కారిన చెమట నీళ్ళతో తెల్లగా, తడితడిగా ఉంది. వీడియోలో ఉన్నట్టు లేదని మా అమ్మాయి మొహం మాడ్చుకుంది. వెనక అలికిడైతే తిరిగి చూశాను. అత్తగారు గోడ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఆవిడ ముందు గిన్నెలోకి చూశారు. తర్వాత ప్యాకెట్లో మిగిలిన నాలుగు గొట్టాలు చూసి గుర్తుపట్టి, ఇవి ఆ మొండివేనా అన్నారు. ఒకటి తీసి, ఊరికే, చిటికెన వేలికి తొడుక్కున్నారు. అది గబుక్కున వేలి మొదటిదాకా జారిపోయింది. మా అమ్మాయి వేలికే బిగుతుగా ఉండే గొట్టం అది. ఆవిడ వేలి వంక కాసేపు చూసుకున్నారు. మేమూ చూశాం.

తర్వాత గొట్టం తీసి కిటికీ గూట్లో పెట్టి, గిన్నె వైపు చెయ్యి చూపించారు. పైన నిప్పు లేకుండా పైన ఎట్టా కాలుద్ది అన్నారు. మాకు ఎవరికీ తట్టని మాట అది, తట్టాల్సిన మాట కూడా. దిబ్బరొట్టె కాల్చడం చూడనిదాన్నా నేను? కింద కుంపటి, మధ్యలో గిన్నె, మూత మీద నిప్పులు. ఆవిడ స్నానానికి నీళ్ళు కాచుకోవడానికని ఊరి నుంచి తెప్పించిన పత్తికట్టె మోపు మేడ మీద రేకుల కింద ఉంది. కుంపటి కూడా అక్కడే. మేం వద్దంటున్నా వినకుండా ఒక్కో మెట్టూ కూర్చుంటూ మేడెక్కారు.

మా ఆయన పత్తికట్టె ముట్టించాడు. అది త్వరగా మండి త్వరగా ఆరిపోతుందని, నాలుగు కొబ్బరి చిప్పలు కూడా వేయించారావిడ. నిప్పులయ్యాక కుంపట్లో కొంచెం ఉంచి, దాని మీద గిన్నె పెట్టించి, గిన్నె మీద మూతగా పాత ఇనప అట్లపెనం పెట్టించి, పెనం నిండా నిప్పులు పరిపించారు. పీట మీద కూర్చుని విసనకర్రతో విసురుతూ, పెనం అంచు దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తున్నారు. ఆ విసిరే ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. కిందటి రోజు గ్లాసు ఎత్తలేకపోయిన చెయ్యి అది.

ఘనకార్యం అయిపోయిందని చెప్పను. పెనం ఎత్తి చూస్తే ఒక పక్క అంతా నల్లగా మాడిపోయింది. మిగతా మూడొంతులు బంగారు రంగులో పొంగి, అంచుల వెంట బుడగలు లేస్తోంది. ఇది మాడలేదా అని మా ఆయన అంటే, మాడు కోసం మేం చిన్నప్పుడు కొట్టుకునేవాళ్ళం, నీకేం తెలుసురా అని కసిరారు. ఆవిడ కసరడం విని ఎన్నాళ్ళయిందో. మా ఆయన కసురు తిని పండగ చేసుకుంటున్నవాడిలా నవ్వుతూ నిలబడ్డాడు.

కిందికి దిగి అందరికీ కంచాలు పెట్టాను. అలవాటుగా ఆవిడకి విడిగా పెరుగన్నం కలపడానికి లేచాను. ఆవిడ ఆపారు. నాకూ అదే పెట్టు అన్నారు. ఉప్పూ వెల్లుల్లీ తగులుతాయేమో, మండుతుందేమో, అసలే కారం కూడా లేదు అత్తయ్యా, మీకు నచ్చదేమో అని నసిగాను. ఆవిడ అప్పుడు అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

"కారం తీసేసిన కూర పెడితే ముద్దముద్దకీ కారమే గుర్తొచ్చేది. దీనికి కారం సంగతే తెలవదు. తెలవనిదానికి లోటేముంది? పెట్టు."

మెత్తటి మధ్య భాగం చూసి పెట్టాను. బాగా చల్లార్చుకుని, ఒక గొట్టం వేళ్ళతో నలిపి నోట్లో పెట్టుకున్నారు. మేం ఎవరం తినడం లేదు. ఆవిడ దవడ వంకే చూస్తున్నాం. మింగారు. ఇంకొకటి నలిపారు. కాసేపటికి, జున్నులో కోడి వేసినట్టుంది అన్నారు. తర్వాత మా వైపు చూసి, నా మొహంలో ఏముంది, మీ కంచాల్లో చూసుకుని తినండి అన్నారు. ఆ రోజు మా అందరి కంచాల్లోనూ ఒకే గిన్నెలోది ఉంది. ఎవరిదీ పథ్యం కాదు, ఎవరిదీ త్యాగం కాదు. ఆవిడ పెట్టింది మొత్తం తిన్నారు. నేను నీళ్ళు తెస్తానని వంటింట్లోకెళ్ళి, పంపు తిప్పుకుని, ఆ చప్పుడులో హాయిగా ఏడ్చాను. గుండెల మీద నుంచి ఎవరో పత్తి బస్తా దించినట్టయింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం మా ఇంట్లో గొట్టాల కోడి. ఆ పేరు ఆవిడ పెట్టిందే. మిగతా రోజుల్లో కూడా తినడం మొదలుపెట్టారు. ఒక పూట ఇష్టంగా తిన్నాక మిగతా పూటల్ని క్షమించగలిగారేమో. కారానికి సంబంధం లేని వంటలు ఏమున్నాయా అని మేం వెతకడం, ఆవిడ పేర్లు పెట్టడం. కొట్టాయనకి కూడా సంగతి చెప్పేశాం. ఆ రోజు మంచి సరుకులో తేడా ఉందని ఒప్పేసుకున్నందుకు ఆయన మొదట ఇబ్బందిపడి, తర్వాత పడీపడీ నవ్వాడు. ఇవి మా సేమ్యాకి పెద్దన్నలండీ మామ్మగారూ, సేమ్యాని ఎవరన్నా నూనెలో పోస్తారా అన్నాడు. "నీకు మాత్రం తెలిసిందా అప్పుడు?" అన్నారావిడ. ఆ విషయంలో ఇద్దరూ సమానం కాబట్టి స్నేహం కుదిరింది. శనివారం సాయంత్రానికి ప్యాకెట్ దానంతట అదే ఇంటికొచ్చేది.

ప్రతి ఆదివారం ప్యాకెట్ కత్తిరించగానే ముందు ఆవిడ ఒక గొట్టం తీసుకుని చిటికెన వేలికి తొడిగి చూసేవారు. ఇది మేం పెట్టిన పద్ధతి కాదు, ఆవిడే మొదలుపెట్టారు. మొదట్లో వేలి మొదటిదాకా పోయేది. దసరాలకి కింది కణుపు దగ్గర కాస్త పట్టింది. కల్లాల్లో మిరపకాయలు పోసే రోజులకి పై కణుపు దాటడం మానేసింది. కొలిచిన గొట్టాన్ని వండనిచ్చేవారు కాదు. కొలత పెట్టినదాన్ని తింటామా అని కిటికీ గూట్లో వరసగా నిలబెట్టేవారు. ఆస్పత్రిలో బరువు చూసి రాసిన కాగితాలు మా ఆయన జాగ్రత్తగా దాచేవాడు గానీ, నాకు నమ్మకం మాత్రం ఆ గూటి మీదే ఉండేది. ఇల్లు ఊడుస్తూ ఆ వరస చూస్తే ధైర్యంగా ఉండేది.

నోరు నెమ్మదిగా మానింది. తర్వాతి ఏడు కొత్త కారం మరపట్టించి తెచ్చినప్పుడు, ఆవిడ వేలి కొసతో ఇంత తీసి నాలిక్కి రాసుకుని కళ్ళు మూసుకున్నారు. మేం నీళ్ళ చెంబు పట్టుకుని సిద్ధంగా ఉన్నాం. కళ్ళు తెరిచి, ఉంది అన్నారు. అంతే. మండుతోందో, బాగుందో చెప్పలేదు. పోయిందనుకున్న చుట్టం ఇంటికొస్తే అన్నట్టుగా అన్నారు ఆ మాట. ఆ రోజు నుంచి కూరల్లో కొద్దికొద్దిగా కారం పడింది. నాకు సరిపోయే అంత కారమే ఆవిడకి కూడా సరిపోవడం మొదలైంది. చివరికి నన్ను కూడా సున్నం ఊరిదాన్ని చేశావు కదమ్మాయ్ అనేవారు.

ఆవిడ నోరు బాగయింది కదా అని ఒక ఆదివారం గొట్టాల కోడి మీద చిటికెడు కారం చల్లాను. సంతోషిస్తారనుకున్నాను. ఒక ముద్ద తిని కంచం ముందుకి తోసేశారు. దానికి లేనిపోనివి నేర్పమాక, దాని మానాన దాన్ని ఉండనియ్యి అని గట్టిగా మందలించారు. గోడ వైపు తిరిగి పడుకున్న రోజుల్లో తనకి తోడున్నదాన్ని మార్చడం ఆవిడకి ఇష్టం లేదు. నాకది ఆ క్షణంలోనే అర్థమైంది. మళ్ళీ ఎప్పుడూ చల్లలేదు.

పోయిన నెల ఆ ఆదివారం కూడా అన్నీ మామూలుగానే జరిగాయి. ప్యాకెట్ కత్తిరించి గొట్టం ఇస్తే వేలికి పెట్టి చూసుకున్నారు. గోరు దగ్గరే ఆగిపోయింది. నొక్కి చూశారు. "దిగట్లా" అని నాకు చూపించి, గూట్లో పెట్టేశారు. మేడ ఎక్కే ఓపిక ఉన్నా, మా అమ్మాయికి నేర్పాలని కింద నుంచే కేకలేస్తూ నిప్పులు వేయించారు. అది మళ్ళీ ఒక పక్క మాడ్చింది. ఆ మాడు ముక్క నాకే అని అడిగి పెట్టించుకున్నారు. మారు అడిగారు. వేళ్ళు నాక్కుని, ఇవాళ బాగా కుదిరిందమ్మాయ్ అని లేచారు. మామూలుగా అలా మెచ్చుకునే అలవాటు లేదావిడకి. మంచమెక్కాక ఫ్యాను కొంచెం తగ్గించమన్నారు. నేను విన్న ఆఖరి మాట అదే.

స్నానం చేయించేటప్పుడు ఆడవాళ్ళం నలుగురం కూర్చుని పసుపు రాస్తున్నాం. ఆవిడ చెయ్యి ఒకటి నా ఒళ్ళో ఉంది. నిండుగా, బరువుగా ఉంది. గాజులు మణికట్టు దగ్గరే ఉన్నాయి. నేను చిటికెన వేలు పట్టుకుని పసుపు రాస్తూ ఉండిపోయాను. తోడికోడలు నన్ను తట్టి, చాల్లే, ఇక లేపాలి అంది. నేనేదో తట్టుకోలేక అలా ఉన్నాననుకుంది. నిజానికి ఆ క్షణంలో నాకు గర్వంగా ఉంది. ఈ చేతిని మేం ఇలా పంపిస్తున్నాం అని.

పెద్దకర్మ రోజు చుట్టాలంతా చేరి ఆవిడ పేరు మీద ఎర్రెర్రగా వండించారు. బంతిలో కూర్చున్నవాళ్ళు చెంబులు చెంబులు నీళ్ళడిగారు. ఆవిడ ఉంటే మురిసిపోయేవారు. కొట్టాయన సాయంత్రం వచ్చాడు. సంచిలోంచి ప్యాకెట్ తీసి అరుగు మీద పెట్టాడు. మామ్మగారి సరుకు, ఆదివారానికి పంపాలి కదా అన్నాడు. మా ఆయన కొట్టాయన్ని పట్టుకుని ఏడ్చాడు. ఆ పది రోజుల్లో మా ఆయన అలా ఏడవడం అదే మొదలు.

నిన్న ఆదివారం. చుట్టాలందరూ వెళ్ళిపోయారు. చెయ్యాలా వద్దా అని ఎవరం అనుకోలేదు, మా ఆయన వెళ్ళి కుంపటి ముట్టించాడు, నేను కోడిని పొయ్యి మీద పెట్టాను. మా అమ్మాయి ప్యాకెట్ కత్తిరించి, అలవాటుగా ఒక గొట్టం బయటికి తీసి పక్కకి చాచింది. అక్కడ చెయ్యి లేదు. కాసేపు అలా పట్టుకుని నిలబడి, తర్వాత వెళ్ళి కిటికీ గూట్లో వరస చివర నిలబెట్టింది.

నేను వంటచేస్తూ అటే చూస్తున్నాను. మిల్లు దగ్గర లారీ దిగుతోంది. చిన్న పత్తి పింజ ఒకటి ఊచల్లోంచి ఎగిరొచ్చి, వరసలో ఆవిడ ఆఖర్న పెట్టిన గొట్టం అంచు మీద వాలింది. గాలి వచ్చినప్పుడల్లా ఊగుతోంది. లోపలికి దిగట్లేదు.